చీమల గాదెలో సగం

నిన్న పొద్దున వంటగట్టు మీద చీమల బారు కనిపిస్తే మందు సుద్ద తీశాను. గీత గీయబోతుంటే ఓబుళమ్మవ్వ గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది. బెళుగుప్పలో మా పక్కిల్లే ఆమెది. కూలికి పోతూనే ఇంటి వెనకాల రాళ్లచేనులో నాలుగు సాళ్లు కొర్రలు వేసుకునేది. ఈ రోజు అనంతపురం బడిలో సైన్సు చెబుతున్నానంటే, ప్రశ్నలు అడగడం నాకు మొదట నేర్పింది ఆమే.

నాకప్పుడు పదకొండేళ్లు. కొర్రలు కోసే రోజుల్లో ఆమె చేని గట్టు మీద నన్ను చీమ కుట్టింది. ఊరుకుంటానా? చెంబెడు మరిగే నీళ్లు తెచ్చి చీమల బొక్కలో పోసి, ఘనకార్యం చేసినట్టు వెళ్లి అవ్వకు చెప్పుకున్నాను కూడా.

"ఎంత పని చేసినావే పాపా! అది వాటి గాదె. మా జేజి కాలంలో కరువొస్తే చీమల బొక్కలు తవ్వి, ఆ గింజల్తో గంజి కాచుకున్యారంట. అదీ సగమే తీసుకొని, సగం ఆడనే పెట్టొచ్చినారంట."

"చీమలకు లెక్క తెలుసా అవ్వా?"

"వాటికి తెలీదులే. మల్లా ఆకలైతే మనం యాడికి పోతాం?"

మరుసటేడు వాన ఆలస్యమైంది. వేరుశనగ అదను దాటిపోయింది, ఇక కొర్రలే గతి. అవ్వ విత్తనాల కుండ చూస్తే ఖాళీ. ఎండాకాలంలో జ్వరమొచ్చి, పనికి పోలేక, విత్తనాలు వండుకు తినేసింది. ఊళ్లో అందరూ వేరుశనగకు మళ్లినవాళ్లే, ఆ కొర్రలు ఇంకెవరి దగ్గరా లేవు. అవ్వ పలుగు తీసుకొని గట్టు మీది ఆ బొక్కే తవ్వింది. బూజు పట్టిన నల్లటి ఉండలు బయటపడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేను తిన్యా, నువ్వు ఉడకబెట్టినావు. సరిపాయె ఇద్దరికీ!" అంది అవ్వ.

ఎండలో చాలాసేపు తిరిగాం. బీడులో ఒకచోట బొక్క చుట్టూ కొర్రపొట్టు గుండ్రంగా పేర్చి ఉంది. తవ్వి, చేటలో చెరిగితే, గడ్డిగింజలు పోను రెండు గుప్పెళ్లు మిగిలాయి. అవ్వ ఒక గుప్పెడు తిరిగి బొక్కలో పోసేసింది. నాకు ఏడుపొచ్చింది.

"పిచ్చా నీకు? మనకు ఇదొక్కటే ఉండాది!"

"వాటికీ అదొక్కటే కదమ్మా."

వేసిన వాటిలో చాలావరకు మొలవలేదు. ఒక్క సాలు నిలబడింది. కోతనాడు చీమలు గింజలు మోసుకుపోతుంటే, వాటి దారిలోంచి పక్కకు జరిగి నిలబడ్డాను.

మొన్న క్లాసులో ఒక పిల్ల అడిగింది: "టీచర్, రాక్షసబల్లుల్లాగా మనుషులు కూడా పోతారా?" ఆ ప్రశ్న నేనూ ఒకసారి అవ్వనడిగాను. "మనం పోతే చీమలకేం నష్టం పాపా? చీమలు పోతే మాత్రం మనం యాడ తవ్వుకోవల్ల?" అని నవ్వింది.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ కొర్రలు మాత్రం ఏటా మా చేనులో ఒక సాలు వేయించి, కొత్త విత్తనం డబ్బాలో దాచుకుంటాను. నిన్నటి బారు ఎటు పోతోందా అని వెంబడే చూశాను. తిన్నగా ఆ డబ్బాలోకే! మూత నేనే సరిగ్గా పెట్టలేదు. సుద్ద పక్కన పడేసి, ఒక గుప్పెడు తీసి కిటికీ అవతల మట్టిలో పోసి, అప్పుడు మూత బిగించాను.