నేను గయ్యాళిని చేసిన వదిన

నాకు పేరు తెచ్చిన ఒకే ఒక్క కథలో ఒక వదిన ఉంది. తలుపు చాటున ఒంటరిగా తింటుంది, ఎవరు పలకరించినా కసురుతుంది. చేవెళ్లలో నాకు శాలువా కప్పినవాళ్లు "ఎంత సహజమైన గయ్యాళి!" అని మెచ్చుకున్నారు. మా ఊరు చిన్న మంగళారంలో ఉన్న మా సొంత వదినను చూసి రాసింది మరి. మనుషుల మనసులు నాకు ఇట్టే తెలుస్తాయని అప్పట్లో నా నమ్మకం.

వదిన ఎప్పుడూ నిలబడే ఉండేది. ఆమె కూర్చోగా నేను చూసింది, ఆమె నా కథ చదివిన రోజే. చదివి, పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"ఏమయ్యా రైటర్ సాబ్, గీమె చాటుకెందుకు తింటది?"

"జర దొంగబుద్ధి, వదినె. ఉత్త కథనే గద," అని నసిగాను.

"మామ ముంగట కోడలు తినొద్దంటిరి. చాటుకు తింటే దొంగంటివి. మరి యాడ తినాలె?"

నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు.

"ఇంటినిండ మందిని పెట్టినవు. 'నువ్వు తిన్నవా' అని ఒక్కలన్న అడిగిన్రా ఆమెను? అడిగితే గట్ల కసురునా?"

ఆమె గయ్యాళి కాదు. 'నువ్వు తిన్నవా' అన్న ఆ ఒక్క మాట చేర్చి కథను సరిచేద్దామని ఆ వారమే కూర్చున్నాను. ఎవరి నోట అనిపించాలో తెలియలేదు. ఇంట్లో మా నాయన, బాపు, ఏనాడూ అడగలేదు, అన్న అడగలేదు. ఆమె వండింది పద్దెనిమిదేళ్లు తిన్న నేనూ అడగలేదు.