పెద్ద దొరసాని సంతకం

ఆ రోజు సుభాషిణి పర్శరాములుకు ఒక్క మాటైనా చెప్పకుండా ఎందుకు వెళ్లిపోయింది? కోపంతోనా, సిగ్గుతోనా? ఎన్నిసార్లు తలచుకున్నా అతనికి తేలని సంగతి ఇది.

జగిత్యాల దగ్గరి అత్తవారి ఊళ్లో, కోట లాంటి దొరల గడిలో, ఆమె పెద్ద దొరసాని. దుబాయ్‌లో మాత్రం డేరా బజారులోని ఓ దర్జీ దుకాణంలో జాకెట్లకు హుక్కులు కుట్టే మనిషి. భర్త రామచంద్రరావు రెండువేల ఇరవై ఒకటిలో కరోనాతో పోయాడు. పిల్లలు లేరు. బతుకుతెరువుకు ఆమె దుబాయ్ వచ్చేసింది. ఏడాది తిరగకముందే మరిది వేణుగోపాలరావు కాగితం పంపాడు: అన్న వాటా తనకు వదిలేస్తున్నట్టు దుబాయ్‌లోని మన కాన్సులేటు ఆఫీసులోనే సంతకం పెట్టి పంపమని. సాక్షి కావాలి. ఊరివాడు కదా అని అల్ వర్సాన్ లేబర్ క్యాంపులో ఉండే పర్శరాములుకు ఫోన్ చేసింది.

"దొరసానికి సాక్షివా? ఇగ నీకు గడిల కుర్సీ ఏస్తరు పో!" అని గదిలో ఉండే దేవేందర్ ఎగతాళి చేశాడు.

పర్శరాములుకు నవ్వు రాలేదు. తల్లి లింగవ్వ ఇల్లున్న జాగ ఆ వాటాలోదే. పెద్దదొర రామచంద్రరావు ఇచ్చిందే, కానీ నోటిమాటతో. చిన్నదొర వేణుగోపాలరావు అప్పుడే ఖాళీ చేయమంటున్నాడు. దొరసాని సంతకం పడితే ముసలిది రోడ్డు మీదే. చెబితే సాక్ష్యం అడ్డం పెట్టి బేరమాడినట్టు. చెప్పకపోతే తల్లి గూడు తన చేత్తోనే పీకినట్టు. ఎటూ తేల్చుకోకుండానే, కంపెనీ మేనేజరు ముదీర్‌ను బతిమాలి అక్కడున్న పాస్‌పోర్టు తెచ్చుకున్నాడు.

ఆఫీసు హాల్లో ఆమె పక్క కుర్చీ ఖాళీ. అతను గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"కూసో పర్శరాములూ. ఇక్కడ ఎవరు చూస్తరు?"

"పర్వాలే దొరసానీ."

దుబాయ్‌లో ఆ పిలుపు విని ఎన్నాళ్లయిందో, ఆమె ముఖం ఒక్కసారి వెలిగింది. కాగితం తీసి చదివి వినిపించింది. వాటా వదిలినందుకు బదులుగా, బతికినన్నాళ్లు పెద్ద దొరసాని మర్యాద ఆమెదే. జాతరలో మొదటి తాంబూలం ఆమెకే. పోతే గడిలోంచే పాడె లేస్తుంది.

"నాకెవరున్నరు? గీ మాట చాలదా?"

పర్శరాములు అడిగేశాడు. "మర్యాదకు పట్టా ఉంటదా దొరసానీ? దొర మా అమ్మకు జాగ నోటితోనే ఇచ్చిండు. గిప్పుడు చిన్నదొర ఖాళీ చెయ్యమంటున్నడు."

ఆమె కాగితం ఒళ్లో పెట్టుకుంది. "ముందే ఎందుకు చెప్పలే?" అంది.

అతను జేబులోంచి పాస్‌పోర్టు తీశాడు.

"నీ వీసా పేజీ జిరాక్స్ కావాలట. పో, తీసుకరా."

కిందికెళ్లి లైన్లో నిలబడి తెచ్చేసరికి కౌంటరులో ఆమె నంబరు రెండోసారి పిలుస్తున్నారు. కుర్చీలో ఆమె లేదు. కాగితం ఉంది, మీద టోకెన్ చీటీ. పర్శరాములుకు చదవడం రాదు. కానీ ఆమె సంతకం పడాల్సిన చోటు తెల్లగా ఉండటం కనబడింది.

"ఆ అమ్మా? లిఫ్టు కోసం కూడా ఆగలేదు" అన్నాడు కాపలా మనిషి, మెట్ల వైపు చూపిస్తూ.