గీతకు అవతల గప్‌చుప్ టీచరు

ఒకటో తరగతి టీచరుకి గప్‌చుప్ టీచరని పేరు పెట్టింది పిల్లలే. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసి కోప్పడకపోగా లోలోపల మురిసిపోయేది కూడా. ఆవిడ గది ముందు నుంచి నడిచి వెళ్తే ఫ్యాను తిరిగే చప్పుడు, పెన్సిళ్ళు గీసే చప్పుడు తప్ప ఆవిడ పిల్లల నుంచి ఇంకేమీ వినపడేది కాదు. అంతమంది ఆరేళ్ళ పిల్లలు ఊపిరి పీలుస్తున్నారా లేదా అని దారినపోయేవాళ్ళకి అనుమానం రావాల్సిందే.

ఆవిడ పుట్టిన ఇల్లు అలాంటిది మరి. ఒకే గదిలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనత్తలు, వాళ్ళ పిల్లలు. ఆ సంతలో మంచం కింద దూరి, చెవుల్లో దూది కుక్కుకుని చదువుకుంది. అందుకని నిశ్శబ్దమంటే ఆవిడకి పెట్టెలో దాచుకున్న పట్టుచీరంత ప్రాణం. కట్టుకున్నవాడు బస్సు కండక్టరు. పొద్దస్తమానం అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి ఆయన గొంతు పూడిపోయేది. కాబట్టి కాపురంలో కూడా చప్పుడు లేదు.

ఆవిడ తరగతిలో ప్రతి పిల్లా పిల్లాడూ బల్ల మీద సంచీ నిలబెట్టి గోడ కట్టుకోవాలి. పక్కవాడి పలకలోకి చూస్తే దొంగతనం, పక్కవాడికి చూపిస్తే దానికి సాయం. "ఎవరి బుర్ర వాళ్ళదే. అప్పులివ్వకూడదు, తీసుకోకూడదు," అనేది. ఈ పద్ధతిలో చదువుకున్న పిల్లలు కూడికలు బాగానే చేసేవాళ్ళు. చెప్పు ఊడితే తొడగమని పక్కవాణ్ణి అడగడానికి మాత్రం భయపడేవాళ్ళు.

పక్క గదిలో ఒకటో తరగతి రెండో విభాగం. అది పాటల టీచరుది. ఆవిడ ఎక్కాలు పాడేది, వారాలు పాడేది, మరుగుదొడ్డికి వెళ్ళడానికి అనుమతి కూడా పాటలోనే ఇచ్చేది. రెండు గదుల మధ్య గోడ లేదు, మడతపెట్టే చెక్క తలుపులే అడ్డం. ఇహ ఆ ఇద్దరి స్నేహం ఎలా ఉండేదో చెప్పాలా? ఒకనాడు స్టాఫ్ రూములో బీరువా పై అర ఎవరిదన్న దగ్గర మాట మాట పెరిగింది. అప్పట్నుంచీ ఒకరి మొహం ఒకరు చూడటం మానేశారు. ఏదైనా చెప్పాల్సి వస్తే మధ్యలో ఒక పిల్లని నిలబెట్టి, "మీ టీచరుకి చెప్పు," అని మొదలుపెట్టేవాళ్ళు. ఆ టీచరు పక్కనే నిలబడి ఉన్నా సరే.

ఇలా ఉండగా హెడ్మాస్టరుగారు ఏదో శిక్షణకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు మెడలో బిళ్ళ, నోట్లో కొత్త మాట. "సహకారం! ఇకమీదట పిల్లలు కలిసి నేర్చుకోవాలి. కలిసి చెయ్యాలి. ఇది నా ఒక్కడి నిర్ణయం, ఎవరినీ అడగక్కర్లేదు," అని ప్రకటించారు. ఆ సాయంత్రమే చెక్క తలుపులు మడతపెట్టించారు. రెండు తరగతులూ కలిసి అట్టపెట్టెలతో ఒక ఊరు కట్టాలి. కొద్ది రోజుల్లో తనిఖీ అధికారి వస్తారు, చూసి మెచ్చుకోవాలి. అదీ ఆజ్ఞ.

మర్నాడు గప్‌చుప్ టీచరు సుద్దముక్క తీసుకుని, వంగి, ఆ పెద్ద గది నేల మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిటారుగా ఒక గీత గీసింది. "ఇటు ఇళ్ళు మనవి. అటు దుకాణాలు వాళ్ళవి. గీత దాటారో, చూడండి మరి!" అంది. సహకారం మొదలైంది.

ఇళ్ళు లేచాయి, దుకాణాలు లేచాయి. చిక్కల్లా రోడ్డు దగ్గర వచ్చింది. రోడ్డు గీత దాటకుండా ఎలా పోతుంది?

గప్‌చుప్ టీచరు ఒక రెండు జడల పిల్లని పిలిచింది. "ఏమే, ఆవిడకి చెప్పు. రోడ్డు స్కేలు పెట్టి గీసినట్టు సూటిగా ఉండాలని."

పిల్ల వెళ్ళి చెప్పగానే అటునుంచి పాటల టీచరు గట్టిగానే అంది. కానీ ఆ వేళకి గది నిండా పిల్లల గోల. ఇటు వినపడలేదు. "మీ టీచరుకి చెప్పమ్మా. బుద్ధి వంకరగా ఉన్నవాళ్ళకే గీతలు సూటిగా కావాలి, రోడ్డు ఒంపులు తిరిగితేనే అందమని."

రెండు జడల పిల్ల గీత మీదికొచ్చి ఆగిపోయింది. అక్కడే ముందుపళ్ళు ఊడిన బోసినోటివాడు అట్టముక్క పట్టుకుని కూర్చున్నాడు. వాడిది రెండో విభాగం. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. ఇంకో ఇద్దరు వచ్చి చేరారు. తరవాత పిల్ల వెళ్ళి చేతులు కట్టుకుని చెప్పింది:

"టీచర్, రోడ్డు కొంచెం ఒంపు తిరిగితే బాగుంటుందన్నారు టీచర్. మీరు గీతలు చాలా బాగా గీస్తారట. మీరే వచ్చి గీయాలట."

గప్‌చుప్ టీచరు మొహం ఒక్కసారి ఎర్రబడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ గీతల్ని మెచ్చుకున్నవాళ్ళు లేరు. కొంగు సర్దుకుంది. "ఇప్పటికైనా కళ్ళు తెరుచుకున్నాయని చెప్పు," అంది.

ఆ మాట అటు చేరేసరికి, "మా టీచరు మీ పాట వింటూ గీస్తారట," అయింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక్కడ మాట పెదవి దాటి సుద్దగీత దాటేలోపే వేషం మార్చేసుకునేది. వారం తిరిగేసరికి ఇద్దరు టీచర్లూ గీత మీద ఎదురెదురుగా కూర్చుని రంగులేస్తున్నారు. ఎదుటావిడే దిగొచ్చిందని ఈవిడ గర్వం. ఈవిడే కాళ్ళబేరానికి వచ్చిందని ఆవిడ గర్వం. అప్పటికీ నేరుగా ఒక్క మాట లేదు. మధ్యలో పిల్లలే రాయబారులు. సంచీ గోడలు ఎప్పుడు కూలాయో ఎవరూ చూడలేదు.

ఒక రాత్రి అన్నం తింటూ గప్‌చుప్ టీచరు మొగుడితో చెప్పింది. "ఏమండీ, ఆవిడ నా గీతలు బాగుంటాయందట."

"నీతో అందా?"

"పిల్లలతో అంది."

కండక్టరు నీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నాడు. "టికెట్ వెనకవాడు తీసుకుంటాడని చెప్పేవాళ్ళని రోజూ చూస్తుంటాను నేను. వెనక ఎవడూ ఉండడు," అన్నాడు.

"మీకన్నీ అనుమానాలే," అని లేచిపోయింది.

తనిఖీ అధికారి రానే వచ్చారు. ఊరు చూసి ఆయన నోరు వెళ్ళబెట్టారు. ఒంపులు తిరిగిన రోడ్డు, దాని అంచుల్లో తీగ లాగినట్టు సన్నని గీతలు, మలుపు మలుపుకీ దుకాణం. పక్కన హెడ్మాస్టరుగారు, "అంతా నా ఆలోచనేనండి," అంటూ చేతులు నలుపుకుంటున్నారు.

"అద్భుతం. మీ ఇద్దరికీ ఇంత సఖ్యత ఎలా కుదిరింది?" అన్నారు అధికారి.

గప్‌చుప్ టీచరు పెద్దమనసు చేసుకుంది. "ఆవిడే కబురు పెట్టిందండి, వచ్చి గీయమని. పోనీలే పాపమని వెళ్ళాను."

పాటల టీచరు సర్రున తిరిగింది. "నేనా? కబురు పెట్టానా? నా పాట వినాలని బతిమాలింది మీరు కాదూ!"

"మీ పాటా? దేవుడా! దూది కొనలేక చస్తున్నాను!"

"సూటిగా గీయడం తప్ప ఏం తెలుసు మీకు? ఆ బీరువా అర దగ్గరే తెలిసింది మీ బుద్ధి!"

ఇన్నాళ్ళ తరవాత ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అదే మొదలు. ఊరంతా వినపడేలా మాట్లాడుకున్నారు. హెడ్మాస్టరుగారు అట్టపెట్టెల ఆసుపత్రి పక్కన చెమటలు తుడుచుకుంటూ నిలబడిపోయారు.

"ఆగండాగండి. ఈ కబుర్లు తెచ్చిందెవరు?" అన్నారు అధికారి.

గప్‌చుప్ టీచరు పిల్లలవైపు వేలు చూపించింది. "ఎవరే అబద్ధం చెప్పింది? ఒక్కళ్ళు లేచి నిలబడండి!"

రెండు జడల పిల్ల లేచింది. బోసినోటివాడు లేచాడు. వెనకాల ఇంకొకడు, ఆ పక్కన మరొకతె. చూస్తుండగానే రెండు తరగతులూ లేచి నిలబడ్డాయి.

"మీరు తిట్టుకుంటే ఊరు అవ్వదు కదా టీచర్," అన్నాడు బోసినోటివాడు. "అందుకని మొదటి సగం ఈ అమ్మాయి మార్చేది. రెండో సగం నేను. గట్టి తిట్లయితే అందరం కూర్చుని ఆలోచించేవాళ్ళం."

అధికారి ఎంత విన్నారో తెలియదు. ఆయన చూపు గోడ గడియారం మీదుంది. 'ఉపాధ్యాయినుల మధ్య సహకారం ఆదర్శప్రాయం' అని రాసి, సంతకం చేసి వెళ్ళిపోయారు. హెడ్మాస్టరుగారు ఆ వాక్యాన్ని అద్దం కట్టించి తన కుర్చీ వెనక తగిలించుకున్నారు. అందులో తన పేరు లేదన్న లోటు తీర్చడానికి కింద తన ఫోటో కూడా అంటించారు.

పిల్లలంతా వెళ్ళిపోతుంటే గప్‌చుప్ టీచరు రెండు జడల పిల్లని వెనక్కి పిలిచింది. కోప్పడదామనే పిలిచింది. తీరా నోటికొచ్చింది వేరే మాట.

"నా గీతలు బాగుంటాయని ఆవిడ అననే లేదా?"

"లేదు టీచర్."

టీచరు డస్టరు తీసుకుని బోర్డు తుడవడం మొదలెట్టింది. బోర్డు మీద ఏమీ లేదు. మొగుడి ముందు ఇప్పుడు ఏ మొహం పెట్టుకోవాలో అర్థం కాలేదు.

పిల్ల గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "కానీ బాగుంటాయి కదా టీచర్. అది మేం కల్పించలేదు. మిగతావన్నీ కల్పించాం."

"వెళ్ళు, మీ అమ్మ చూస్తుంటుంది," అంది టీచరు. గొంతు కండక్టరు గొంతులా వచ్చింది.

మర్నాడు కత్తెర కావాల్సొచ్చింది. రాయబారానికి ముగ్గురు పిల్లలు ముందుకురికారు. గప్‌చుప్ టీచరు వాళ్ళని కూర్చోమని సైగ చేసి, తనే లేచి, గీత దాటి అటు వెళ్ళింది.

"కత్తెర ఇస్తారా?"

"మళ్ళీ తిరిగిస్తేనే."

"నేనెప్పుడు ఉంచేసుకున్నాను?"

"ఉంచుకోలేదంటారా? చెప్పమంటారా?"

అలా మాటలు కలిశాయి. మనసులు కలిశాయని ఎవరూ అనలేదు. రోజుకో తగువు, ఏ తగువూ మధ్యాహ్నం దాటేది కాదు. ఒకటో తరగతి గదిలో ఇప్పుడు పిల్లల గోల మధ్య ఫ్యాను చప్పుడు వినపడదు. గప్‌చుప్ టీచరు అప్పుడప్పుడూ "ష్" అంటుంది గానీ, ఆ "ష్" కూడా ఎవరికీ వినపడదు. పిల్లలు ఉద్యోగం పోయిన రాయబారుల్లా కొన్నాళ్ళు దిగాలుగా తిరిగారు. తరవాత అట్టపెట్టెలు పోగుచేసి, ఆ ఊరికో రైలు స్టేషను కట్టడానికి తమలో తాము పోట్లాడుకోవడం మొదలుపెట్టారు.