పై వరసలో ఉన్న పేరు

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. గోడకు ఆనుకున్నా ఫర్వాలేదు, సున్నం వేసి ఏళ్లయింది, అంటదు. నేను బడికి పోయింది రెండో తరగతి దాకానే. కానీ విన్నదీ చూసిందీ మరిచిపోను. ఇది మొన్న టమోటా మొదటి కోత నాటి మాట.

మా ఇంట్లో ఇద్దరికీ ఒకటే ఫోను. అందులో రెండు సిమ్ములు. పైది మా ఆయనది, కిందది నాది. పొద్దున ఆయన ఫోను చేనికి తీసుకుపోయేవాడు, మాపటికి నా చేతికొచ్చేది. నా కోసం ఎవరైనా చేస్తే ఆయనే ఎత్తి, "ఇంటికాడ ఉండాది, మాపటికి చేయండి" అని పెట్టేసేవాడు. ఏమి కబురో సగం మరిచిపోయి చెప్పేవాడు. కూతురిని కడపకు ఇచ్చాక ఆమె నంబరు ఒక్కటి ఎప్పుడు నొక్కినా తన సిమ్ నుంచే పోయేట్టు ఎవరితోనో చెప్పి పెట్టించుకున్నాడు.

"ఎందుకట్ల?" అని అడిగితే, "నా బిడ్డకు నా నంబరు నుంచే పోవాల. నువ్వు మాట్లాడినా నేను చేసినట్టే ఉంటాది" అన్నాడు.

ఆయన పోయినప్పుడు మా చేన్లోనే పూడ్చాం. మా వాళ్లలో ఒక పద్ధతి ఉంది. మనిషి రోజూ జేబులో పెట్టుకుని తిరిగినవి గుంతలో పక్కన పెట్టాలి, లేకుంటే వాటి కోసం ఇంటి చుట్టూ తిరుగుతారంటారు. బీడీల కట్ట, అగ్గిపెట్టె, కళ్లద్దాలు పెట్టారు. అప్పుడు మా బావ, అంటే మా ఆయనకు అన్న, నా దగ్గరికొచ్చి చేయి చాపాడు.

"ఫోను ఇట్లియ్యిమ్మా."

"ఎందుకు బావా?"

"వాని నంబరు వానితోనే పోవాల."

నా చెవి కమ్మ అడిగి తీసుకుని, దాని కాడతోనే సిమ్ బయటికి తీశాడు. గోరంత ముక్క. తమలపాకులో చుట్టి ఆయన ఎడమచేతి పక్కన పెట్టాడు. ఎవరూ కాదనలేదు. నాకూ తప్పనిపించలేదు. అసలు ఆ రోజు నాకు ఏమీ అనిపించలేదు. కమ్మ తిరిగి చెవికి పెట్టుకోవాలని కూడా తోచలేదు, పిడికిట్లో పట్టుకునే ఇంటికొచ్చాను.

తర్వాత బావ ఫోను బోరు తొట్టిలో పడి చెడిపోతే, తన సిమ్ తెచ్చి నా ఫోనులో ఆ ఖాళీలో పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు దానికి రీచార్జి అయిపోయింది. కోతలయ్యాక వేయిస్తాలే అన్నాడు.

అంతలో కూతురికి ఎనిమిదో నెల వచ్చింది. ఆమె చేస్తే నాకు వస్తుంది, నేను చేస్తే ఆమెకు పోదు. సిమ్ లేదని తెర మీద పడుతోందని పక్కింటామె చదివి చెప్పింది. ఇక పత్తికొండకు పోక తప్పలేదు.

మార్కెట్‌కు కాయలు వేసుకుపోయే ఆటోలోనే బావ వెంట వెళ్లాను. ఆయన డబ్బాలు దింపుకుంటుంటే నేను రోడ్డు దాటి ఫోన్ల షాపుకు పోయాను. షాపులో ఉన్నది ఒక ముస్లిం ఆమె, నా కూతురి కంటే నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది. ఫోను తీసుకుని చాలాసేపు వేలితో జరిపి చూసింది.

"పెద్దమ్మా, పాత సిమ్ పేరు ఇంగా ఈడనే ఉండాది. నీ పాప నంబరు దానికి కట్టేసినారు. అది తీసేస్తే సరిపోతాది."

"తీయి పాపా."

"రెండు పేర్లుండాయి, రెండూ పనిచేయనివే. పాప నంబరు దేనికి కట్టినారో ఈడ చూపదు. ఏది తీయాల?"

ఫోను నా ముందు పెట్టింది. ఇంగ్లీషు అక్షరాలు. అన్నదమ్ములిద్దరి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. నా కంటికి రెండూ ఒకటే.

"పోయినాయనది తీయి."

"పేరు చెప్పు పెద్దమ్మా. ఒకటి తీయబోయి ఒకటి తీస్తే, ఆయప్ప వచ్చి నాతో కొట్లాడతాడు."

మా ఇళ్లలో మొగుడి పేరు పలకరు. మొగుడి అన్న పేరూ పలకరు. రేషన్ కార్డుకు రాసుకునేవాళ్లు వస్తే మా ఆయన పేరు పక్కింటామె చెప్పేది, ఆమె మొగుడి పేరు నేను చెప్పేదాన్ని. ఆ రోజు పక్కింటామె లేదు.

"మా పాప వాళ్ల నాయన," అన్నాను.

"ఫోనుకు చుట్టరికాలు తెలీవు గదా."

"దేవుని పేరే."

"రెండూ దేవుని పేర్లే." నవ్వింది. "చెప్తే ఏమైతాది పెద్దమ్మా? విని వచ్చి తిడతాడా?"

"రాడులే. మా చేన్లోనే పెట్టినాం."

ఆమె నవ్వు ఆపేసింది. బావను పిలుచుకు రావచ్చు, రోడ్డు దాటితే చాలు. కానీ మా ఆయన పేరు తుడిపించడానికి ఇంకొకరి నోరు అరువు తెచ్చుకోవడం నాకు ఒప్పలేదు. చెప్పాను.

నా నోట ఆ పేరు రావడం అదే మొదలు. ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఆవలించి నోరు మూసినట్టుంది.

"సరిగా వినపళ్యా," అంది.

మళ్లీ చెప్పాను. రెండోసారి అంగట్లో సామాను అడిగినట్టే వచ్చింది. ఆమె వేలు పెట్టి ఆగింది.

"తీసేయాల్నా అని ఫోను అడుగుతాంది."

"ఊఁ."

ఆ వరస పోయింది. కింది పేరు పైకి జరిగింది. ఆమె నా చేతికిచ్చి, "పాపకు చేసి చూడు" అంది.

చేశాను. ఇన్నేళ్లూ ఇక్కడి నుంచి ఫోను పోతే, మాట్లాడేది నేనైనా సరే, కూతురు ముందు "నాయనా" అనే ఎత్తేది.

"అమ్మా," అంది. "ఏమ్మా, బాగుండావా?"

"బాగుండా. తిన్నావా?"

"తింటాండా."

"తిను."

ఫోను పెట్టేశాను. రోడ్డు అవతలి నుంచి బావ, "అయిందామ్మా?" అని అడిగాడు. అయిందన్నాను.

తిరుగు ఆటోలో ఖాళీ డబ్బాల మధ్య కూర్చున్నాను. మా చేను వచ్చినప్పుడు అటు తిరిగి ఆ పేరు ఇంకొకసారి అన్నాను. ఇంజిను చప్పుడులో నాకే వినపడలేదు.

విన్నారు కదా, చల్లగా ఉండండి. మీ ఇంట్లో ఏ పేరు పెట్టి పిలిచినా లోపలి నుంచి "ఆఁ" అని పలికే మనిషి ఉండాలి. మీరు చేసిన ఫోను మీ పిల్లలు మొదటి రింగుకే ఎత్తాలి.