ఎప్పటి బరువు?

ఆఫీసులో అతన్ని అందరూ డబ్బాలన్న అంటారు. సాఫ్ట్‌వేరుకి కోడు రాయకముందే, అందులో ఏమేం ఉంటాయో, దేనికి దేనితో సంబంధమో డబ్బాలు గీసి, గీతలు కలిపి చూపించడం అతని పని. కప్పులో పెన్నులు పెడితే అది ఇంకా కప్పేనా అని భోజనాల దగ్గర వాదన పెట్టుకునే రకం. చదివింది ఫిజిక్స్. కాలు ఒకచోట నిలవదు. పాప పుట్టాక కంటి మీద కునుకూ నిలవడం లేదు.

ఆ ఉదయం పాపకి ఒళ్ళు వెచ్చబడింది. మందు సీసా పట్టుకుని భార్య అడిగింది.

"దీని బరువెంత? దాన్నిబట్టే పోయాలట."

అతను ఠక్కున ఒక అంకె చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు.

"అది టీకా వేయించిన రోజుది. అప్పటికి దీనికి బోర్లా పడటం కూడా రాదు. మీ కూతురు పెరగదా ఏంటి?"

నవ్వబోయి ఆగిపోయాడు. పాపనెత్తుకుని తూకం యంత్రమెక్కి, తర్వాత ఒక్కడే ఎక్కి, తేడా చూసి మందు పోయించాడు గానీ మనసు ఇంట్లో లేదు.

మర్నాడు పిల్లల ఆస్పత్రిలో మొదలయ్యే సాఫ్ట్‌వేరుకి నమూనా గీసింది తనే. 'బిడ్డ' అనే డబ్బాలో పేరు, పుట్టిన తేదీ, బరువు. పేరుకి మల్లే బరువుకీ ఒకే గడి. ఎప్పుడు తూచారో రాసే చోటే లేదు. నెలల తర్వాత ఆ బిడ్డ మళ్ళీ వస్తే తెర మీద పాత బరువే కనిపిస్తుంది, మందు మోతాదూ దాన్నిబట్టే లెక్కవుతుంది. కాలేజీ ల్యాబులో సమయం రాయని కొలతల్ని చించి పారేసినవాడే, ఎలా గీశాడు?

టీం లీడరుకి ఫోన్ చేశాడు.

"మేడం, బరువు బిడ్డది కాదండీ. తూకానిది."

"తూచేది బిడ్డనేగా! పొద్దున్నే ఈ వేదాంతమేంటి, డబ్బాలన్నా?"

విడమరిచి చెప్పాడు.

"అందరం చూసి సరే అన్నాం కదయ్యా," అందామె గొంతు తగ్గించి. "ఇప్పుడేం చేద్దామంటావ్?"

"మోతాదు లెక్క ఆపేద్దాం. మిగతాది నడవనివ్వండి."

"పెద్ద డాక్టరుగారికి నువ్వే చెప్పుకో మరి."

చెప్పుకున్నాడు. ఆయన చెడామడా తిట్టి, ఆపమన్నారు.

ఆఫీసుకెళ్ళి బిడ్డ డబ్బాలోంచి బరువు తీసేశాడు. పక్కన 'తూకం' అని కొత్త డబ్బా గీసి, అందులో తేదీ, బరువు, తూచినవారి పేరు పెట్టి, బిడ్డకి గీత కలిపాడు. లీడరు వంగి చూసి తలూపింది.

"ఇక ఇంటికెళ్ళు. పాప దగ్గరుండు."

సంచి భుజాన వేసుకున్నవాడల్లా తెర వైపు చూశాడు. 'పడని మందులు' అని ఇంకో గడి. అది ఖాళీగా ఉంటే, అన్నీ పడతాయనా? ఎవరూ అడగలేదనా?

సంచి దించి, మళ్ళీ కూర్చున్నాడు.