ముందు గుడ్డ తీశాను

కొన్నేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉంది. అన్నం తింటున్నప్పుడూ, ఆఫీసులో నవ్వుతున్నప్పుడూ, ట్రైన్‌లో నిలబడి ఫోన్ చూసుకుంటున్నప్పుడూ అది అక్కడే ఉంది. మింగలేను, కక్కలేను. ఈరోజు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియక్కర్లేదు. ఒక్కటే అడుగుతాను, నన్ను ఓదార్చకండి. నా మీద మంచితనం చూపించేవాళ్ళంటే నాకిప్పుడు ఒళ్ళు మంట.

మా పక్కింటి పెద్దావిడను చావు అంచుదాకా తీసుకెళ్ళింది నేను. ఆ నింద ఆమె కొడుకు మీద పడితే నోరు మూసుకుని కూర్చున్నదీ నేనే.

మేముండేది హౌగాంగ్ అనే పేటలో, ఒక పాత ఫ్లాట్ల బ్లాకు. నేనూ, మా ఆయనా. ఆయన ఉద్యోగం పేరుతో నెలలో సగం రోజులు వేరే దేశాల్లో ఉంటాడు. పక్క ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే ఆవిడను సరోజా ఆంటీ అందాం. అది ఆమె పేరు కాదు. తాతల కాలంలో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి ఈ దేశానికి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఆమె తెలుగులో సగం తమిళం, మిగిలినదాంట్లో కొంత మలయ్. మేం కొత్తగా దిగినప్పుడు నన్ను ఎగాదిగా చూసి, "కొత్త తెలుగోళ్ళా? కంప్యూటర్ పనా?" అంది, ఏదో తప్పు చేసినవాళ్ళను అడిగినట్టు. ఆమె మాట విని నేను లోలోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు నా మొహంలో ఆమెకు కనబడే ఉంటుంది. మాకు మొదటినుంచీ పడలేదు.

వాళ్ళ వంటింటి కిటికీ, మా వంటింటి కిటికీ బ్లాకు వెనకవైపు ఒకే మూలలో ఉంటాయి, చెయ్యి చాపితే దాదాపు అందేంత దగ్గరగా. వాళ్ళింట్లో స్నానానికి నీళ్ళు గ్యాస్ హీటర్ మీద కాగుతాయి. కుళాయి తిప్పగానే అందులో మంట అంటుకుంటుంది. ఆ మంట వదిలే గాలి ఒక రేకు గొట్టంలోంచి కిటికీ బయటికి పోతుంది. బయటికి అంటే, మా వంటింట్లోకి. ఆంటీ స్నానం చేసినప్పుడల్లా నా పోపు వాసనలో ఆ వెచ్చటి, మాడు వాసన కలిసేది.

చెప్పడానికి వెళ్ళాను. మర్యాదగానే వెళ్ళాననుకున్నాను. ఆమె ఇనుప గేటు తియ్యలేదు. ఊచల అవతలే నిలబడింది.

"ఆంటీ, ఆ గొట్టం వేరేవైపు తిప్పించండి. ఆ గాలిలో విషం ఉంటుంది. ఆ విషానికి విడిగా వాసన ఉండదు, ఉందని కూడా తెలియదు. మనిషి మత్తుగా అయిపోయి ఉన్నచోటే పడిపోతారు. గొట్టానికి ఏదైనా అడ్డం పడితే అంతా ఇంట్లోకే తంతుంది. మీకే ప్రమాదం."

"నా పెళ్ళయినప్పటినుంచి ఉంది అది. ఎవురు చచ్చినారు? సుమ్మా, ఊరికే బెదిరించకు," అంది ఆంటీ. తర్వాత నా భుజం మీదుగా మా ఇంటివైపు చూసి, "అయినా మీ ఇంట్లో ఏమి, తొట్లో బిడ్డ ఉందా, పొగ తగిలి దగ్గటానికి?" అంది.

అంతకు కొద్ది వారాల ముందే నా కడుపులో బిడ్డ పోయింది.

ఆమెకు తెలియదు. ఆ బ్లాకులో ఎవరికీ తెలియదు. తెలియకుండా అన్న మాట నేరమెలా అవుతుంది? కాదు. కాదని అప్పుడూ తెలుసు. అయినా ఆమెను నేను క్షమించలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ క్షమించలేదు. ఆ "తొట్లో బిడ్డ" అన్నప్పటి ఆమె పెదవి విరుపు నేనింకా మరిచిపోలేదు.

ఆమె కొడుకు బాల దగ్గర్లోనే పుంగ్గోల్‌లో భార్యతో ఉండేవాడు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లాడు, నాకంటే కాస్త చిన్న. సంగతి తెలిసి ఆ వారమే వచ్చాడు. "సారీ అక్కా. అమ్మ మౌత్ అంతే లా, పట్టించుకోకండి," అని, తనే నిచ్చెన వేసుకుని గొట్టానికి ఒక వంపు ముక్క అతికించి, దాని మూతి మా కిటికీకి కాకుండా పక్కకు తిప్పాడు. లైసెన్సు ఉన్నవాళ్ళే చెయ్యాల్సిన పని అది. అతనికి తెలుసో లేదో. ఇంకా వాసన వస్తే ఫోన్ చెయ్యమని నంబరిచ్చి వెళ్ళాడు.

ఆ తర్వాత వాసన రాలేదు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఎన్నోసార్లు నాకు నేను ఈ కథ చెప్పుకున్నప్పుడు ఈ ముక్క దాటేసేదాన్ని. వాసన భరించలేక చేశానని చెప్పుకునేదాన్ని. అబద్ధం. నేను ఆ పని చేసేనాటికి నా ఇంట్లోకి ఏ గాలీ రావడం లేదు. నా గొడవ తీరిపోయింది. తీరనిది నా కోపం. తీర్చుకోవడానికి కారణం కూడా లేకుండా పోయినందుకు అది ఇంకా ముదిరింది.

ఒక ఆదివారం పొద్దున లిఫ్ట్ దగ్గర మలుపు తిరగబోతూ ఆంటీ గొంతు విన్నాను. ఎవరితోనో చెబుతోంది: "పిల్లల్లేరు, పని లేదు. అందుకే పక్కింటి మీద కన్ను." అవతలివాళ్ళు నవ్వారు. నేను వెనక్కి తిరిగి మెట్ల మీదుగా దిగిపోయాను.

మధ్యాహ్నం పెద్ద వాన పట్టింది. ఆంటీ కిటికీ తలుపులన్నీ గట్టిగా మూసిన చప్పుడైంది. మా ఆయన ఊళ్ళో లేడు. నేను నేల తుడిచే గుడ్డ తడిపి, ఉండచుట్టి, బట్టలారేసే వెదురు కర్ర చివరకు తగిలించి, కిటికీలోంచి వంగి ఆ గొట్టం మూతిలోకి కుక్కాను. మొదటిసారి జారిపోయింది. మళ్ళీ కుక్కాను. రెండోసారి కూడా చేశానని గుర్తుంచుకోండి. చెయ్యి జారి చేసిన పని కాదది.

ఏమనుకున్నాను? హీటర్ ఆరిపోతుంది, ఒళ్ళంతా సబ్బుతో చన్నీళ్ళలో నిలబడి తిట్టుకుంటుంది అనుకున్నాను. అంతే అనుకున్నాను. కానీ అడ్డం పడితే ఏమవుతుందో ఆమె గేటు ముందు నిలబడి చెప్పినదాన్ని నేనే కదా? తెలిసిన విషయాన్ని ఆ కాసేపు ఎక్కడ పెట్టాను? దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉందేమో. అది మీకు చెప్పే ధైర్యం కూడా లేదు.

ఆంటీ వంటింటికి ఆనుకునే ఉన్న స్నానాల గదిలో కుళాయి తిప్పింది. నేను గోడకు చెవి పెట్టి ఆమె అరుపు కోసం ఎదురుచూశాను. అరుపు రాలేదు. నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి. ఏదో బకెట్ దొర్లిన చప్పుడు, ఆ వెంటనే ఇంకా బరువైన చప్పుడు. తర్వాత నీళ్ళ చప్పుడు ఒక్కటే.

నేను పరుగెత్తాను. తలుపువైపు కాదు. కిటికీవైపు. కర్రతో ఆ గుడ్డ కొసను లాగి కిందికి పడేశాను. అది వానలో గడ్డి మీద పడేదాకా చూశాను. ముందు గుడ్డ తీశాను. ఆ తర్వాతే వెళ్ళి ఆమె తలుపు కొట్టాను.

ఎదురింటి చైనీస్ అంకుల్ దగ్గర ఆంటీ ఇంటి తాళంచెవి ఉండేది. ఇద్దరం లోపలికి వెళ్ళి కిటికీలన్నీ తెరిచాం, గ్యాస్ కట్టేశాం. తడి ఒంటితో పడివున్న ఆమె మీద నేను తువ్వాలు కప్పి, వరండాలోకి లాక్కొచ్చి, అంబులెన్స్ వచ్చేదాకా ఆమె తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. చుట్టూ జనం చేరారు. అందరూ నన్ను చూశారు. నేను ఏడుస్తున్నాను కూడా. ఆ ఏడుపు నిజమైనదే. కానీ అందులో ఎంత ఆమె కోసం, ఎంత నా కోసం?

ఆంటీ బతికింది. బతికి ఇంటికొచ్చింది కానీ పూర్తిగా రాలేదు. చేతులు వణుకుతాయి. మాట మధ్యలో ఆగి, దేనికోసం మొదలుపెట్టిందో వెతుక్కుంటుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు బాల అతికించిన వంపు దగ్గర సందు ఉందన్నారు. పని తెలియనివాళ్ళు పట్టీ చుట్టి వదిలేశారనీ, అక్కణ్ణుంచే గాలి ఇంట్లోకి తిరిగొచ్చి ఉంటుందనీ అన్నారు. ఆ సందును పట్టుకుని నేను ఎంతకాలం వేలాడానో చెప్పలేను. నిజంగానే దానివల్ల కూడా కావచ్చు కదా, అని. కావచ్చు. కానీ గుడ్డ పెట్టినదాన్ని నేను.

తప్పు కొడుకుదేనని నమ్మిన ఆంటీ అతన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. వరండాలో నిలబెట్టి అరిచింది. అతను తల వంచుకుని విన్నాడు. నేను నా తలుపు వెనక నిలబడి విన్నాను.

ఆ తర్వాత మొదలైంది అసలు శిక్ష. ఆంటీ నన్ను ప్రేమించడం మొదలుపెట్టింది. వణికే చేతులతో చేపల పులుసు గిన్నె పట్టుకొచ్చి, "మకాన్ అయిందా, తిన్నావా? నువ్వు తిను. కడుపున పుట్టినోడు చంపబోయినాడు, పక్కింటి పిల్ల కాపాడింది," అనేది. నేను ఆ పులుసు తినేదాన్ని. పారబోస్తే ఇంకా పాపమనిపించేది. తింటూ ఆమెను తిట్టుకునేదాన్ని. నన్ను ద్వేషించవే, ముందులాగే నోరు పారేసుకో, అని లోపల అరిచేదాన్ని. ఆమె మంచితనం నాకు ఆమె తిట్టుకంటే ఎక్కువ కోపం తెప్పించింది.

తల్లి ఫోన్ ఎత్తదు కాబట్టి బాల నాకు చేసేవాడు. "అమ్మ ఎలా ఉంది అక్కా? మందులు వేసుకుంటోందా?" నేను చెప్పేదాన్ని. ప్రతిసారీ థాంక్స్ చెప్పేవాడు. తల్లీ కొడుకుల మధ్య నేను గోడ కట్టి, ఆ గోడకు కిటికీ కూడా నేనే అయ్యాను.

ఈ మధ్య అతనికి పాప పుట్టింది. ఫోటో పంపి, అమ్మకు చూపించమన్నాడు. తర్వాత ఏదో మాటల్లో, "పాపకు స్నానం నేను చేయించను అక్కా. మా ఆవిడే చేయిస్తుంది. నీళ్ళు వేడి అవుతున్న చప్పుడు వింటే నాకు చేతులు ఆడవు. ఎలక్ట్రిక్ హీటరే, ఐ నో. బట్ నేను ఏది బిగించినా ఎవరికో ఏదో అవుతుందని భయం," అన్నాడు.

ఆ రోజు నేను ఆంటీకి ఆ ఫోటో చూపించలేదు. మర్నాడు బాలను పాయా లెబార్‌లో మా ఆఫీసు కింద ఫుడ్ కోర్టుకు రమ్మని మొత్తం చెప్పాను. గుడ్డ సంగతి, కర్ర సంగతి, ముందు ఏది చేశానో, తర్వాత ఏది చేశానో.

"యూ ఏట్ మై మదర్స్ ఫుడ్," అన్నాడు. తర్వాత తెలుగులో, "మీరే వెళ్ళి అమ్మకు చెప్పండి. నేను చెబితే తప్పు మీ మీదికి తోస్తున్నాననుకుంటుంది." లేచి వెళ్ళిపోయాడు. అక్కా అనలేదు.

నిన్న సాయంత్రం చెప్పాను. ఆంటీ సోఫాలో కూర్చుని విన్నది. మధ్యలో మరిచిపోతుందేమోనని భయపడ్డాను. మరిచిపోవాలని ఆశపడ్డాను కూడా. మరిచిపోలేదు.

"ఏంటికి?" అంది.

"మీరు అన్న మాటకి. తొట్లో బిడ్డ ఉందా అన్నారు. అప్పుడే నాకు..."

ఆమె నొసలు ముడిచి వెతుక్కుంది. చాలాసేపు వెతుక్కుంది. "ఆ మాట నేనన్నానా?" అంది.

ఆమెకు గుర్తులేదు. ఆ గాలి తుడిచేసిందో, అసలు గుర్తుంచుకోదగ్గ మాటే కాదో. నేను ఇన్నేళ్ళు పెంచుకున్న పగకు మూలమైన మాట ఆమె దగ్గర లేనే లేదు. సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు.

ఆమె ఫోన్ తీసి కొడుకు నంబర్ కోసం వెతికింది. వేళ్ళు నిలవక తెర మీద ఎటో జారిపోతున్నాయి. అలవాటుగా నేను చెయ్యి చాపాను.

"తాకొద్దు," అంది. "పో."

వచ్చేశాను. ఆమె అతనితో మాట్లాడిందో లేదో నాకు తెలియదు. మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను. "వచ్చాక మాట్లాడదాం" అన్నాడు. ఆంటీ, బాల పోలీసులకు చెబుతారేమో. అడిగితే వాళ్ళకూ ఇదే చెబుతాను, ఇదే వరసలో.

క్షమించమని ఎవరినీ అడగలేదు. అడిగే ముఖం లేదు, ఆశ కూడా లేదు. ఇప్పుడు ఆ గోడకు అవతల ఒకావిడ నన్ను అసహ్యించుకుంటోంది. ఈసారి నేనెవరో తెలిసి అసహ్యించుకుంటోంది. ఈ ఉదయం అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే గొంతు దిగింది.