ఒకటో లెవెల్ వంటావిడ

ఆదివారం మధ్యాహ్నం ఉప్పల్‌లో ఫణీంద్ర వాళ్ల గుమ్మం ముందు చెప్పులు గుట్ట పడ్డాయంటే, లోపల బల్ల మీద రాక్షసుల రాజ్యం ఆట పరిచారన్నమాటే. స్నేహితులు తలా ఒక వీరుడిగా ఆడతారు. కాపలావాళ్లు, పడవవాళ్లు, మిగతా ఊరందరి తరఫునా మాట్లాడుతూ కథ నడిపేది ఫణీంద్ర. వాళ్లలో ఎవరికెంత బలమో ముందే లెవెల్ పెడతాడు. పెట్టేముందు కళ్లజోడు తుడుచుకుని, ఆ మనిషి గొంతుతో తనలో తాను రెండు మాటలు అనుకుంటాడు. పెట్టాక మార్చడు. భార్య స్వర్ణలత చనిపోయిన ఏడాదికి ఆటలోకి సత్రం వంటావిడ ఒకామె వచ్చింది. ఎవరినీ తినకుండా కదలనివ్వదు, నవ్వితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ఆమె ఎవరో అందరికీ తెలిసింది, ఎవరూ పైకి అనలేదు. ఆవిడకు ఒకటో లెవెలే పెట్టాడు, అంటే ఒక్క దెబ్బకు పోతుంది. అన్నం పెట్టే మనిషి జోలికి ఎవరొస్తారనుకున్నాడు, పాపం.

మొన్న రాక్షసులు ఏ ఇంటి మీద పడాలో పాచికలు వేస్తే, సత్రమే వచ్చింది. ఫణీంద్ర చెయ్యి ఆగిపోయింది.

“లెవెల్ పెంచరాదే అన్నా, ఆట నీదే గదా,” అన్నాడు మల్లాపూర్ నుంచి వచ్చే దయాకర్.

“పెంచితే ఆవిడ కాదు దయాకర్.”

దయాకర్ రెండేళ్లుగా పెంచుకున్న తన వీరుడి బొమ్మను జరిపి సత్రం గుమ్మానికి అడ్డంగా నిలబెట్టాడు. “గట్లయితే ముందుగాల నన్ను కొట్టమను.”

పాచికలు పడ్డాయి. వీరుడు కూలాడు. ఆలోగా మిగతావాళ్లు రాక్షసులను తరిమేశారు. దయాకర్ ఆ బొమ్మను తీసి జేబులో వేసుకున్నాడు.

“ఇసొంటోన్ని ఇంకొకన్ని జేసుకుంట అన్నా. ఆమెను మళ్ల యాడికెల్లి తెస్తం?”